మా మిద్దె పైన అద్దెకున్న డ్రిల్లు సారు

ఫోను మోగినప్పుడు పెరట్లో గిన్నెలు తోముతున్నాను. తెర మీద 'డ్రిల్లు సార్' అని పడింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎత్తి, "సార్, ఎప్పుడొస్తాండారు? మీ కరేపాకు మొక్క వాడిపోతాంది" అన్నాను. అవతల ఆయన గొంతు కాదు. "అమ్మా, నేను వాళ్ల తమ్ముణ్ణి మాట్లాడ్తాండా, ధర్మవరం నుంచి. అన్న పోయినాడమ్మా, ఈ పొద్దున" అన్నాడతను.

అయ్యో అన్నాను. ఎవరైనా అంటారు. తర్వాత నేనడిగిన మాట మాత్రం ఎవరూ అడగరు. "ఎన్ని గంటలకు?" అని అడిగాను. అతను పాపం నేను బాధకొద్దీ అడుగుతున్నాననుకుని, "అయిదుంబావు అయింటాదమ్మా, పాలాయన వచ్చిపోయిన ఎనక" అని చెప్పాడు. నాక్కావలసింది గడియారం కాదు, నక్షత్రం. ఫోను పెట్టేసి తడిచేతులతోనే వంటింట్లోకి పోయి క్యాలెండర్లో ఆ రోజు గడి చూశాను. ధనిష్ఠ అని ఉంది. 'మా ఇంట్లో కాదు, బతికిపోయాం' అనుకున్నాను. నాకు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదువు చెప్పిన మనిషి, పద్నాలుగు నెలలు మా మిద్దె పైన అద్దెకున్న మనిషి పోయాడని విని నేను మొదట చేసిన పని అది. ఏడుపు సాయంత్రానికి గానీ రాలేదు.

సారును మెచ్చుకుంటూ రాయడానికి పెనుకొండలో ఆయన శిష్యులు చాలామంది ఉన్నారు, నాకన్నా బాగా రాసేవాళ్లున్నారు. వాళ్లెవరూ రాయలేని ముక్క ఒకటి నా దగ్గరుంది. అది రాయకుండా ఆయనకు దండం పెడితే ఆ దండం దొంగ దండమవుతుంది. కాబట్టి చదివేవాళ్లు నన్ను ఏమన్నా అనుకోండి, చెబుతాను.

ముందు ఆ నక్షత్రం సంగతి. కొన్ని నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇల్లు కొంతకాలం మూసేయాలని మనవాళ్లు అంటారు. ధనిష్ఠ అయితే ఆరు నెలలు. వాకిలికి ముళ్లకంప అడ్డం పెట్టి, పొయ్యి వెలిగించకుండా, ఇంటివాళ్లంతా వేరేచోటికి పోవాలి. నమ్మేవాళ్లు నమ్మి పాటిస్తారు, నమ్మనివాళ్లు వీధికి భయపడి పాటిస్తారు. మా అత్త ధనిష్ఠలోనే పోయింది. హిందూపురంలో సొంత మిద్దె పెట్టుకుని, మేము అద్దె ఇంటి కోసం వీధులన్నీ తిరిగాం. తలుపు తీసిన ప్రతి ఒక్కరూ "ఎవరన్నా పోయినారా?" అని అడిగేవాళ్లు. అవునంటే "మా ఆయన్నడిగి చెప్తాం" అనేవాళ్లు. ఆ చెప్పడం ఎప్పటికీ రాదు. చివరికి లేపాక్షి పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో ఆరు నెలలు కాపురం చేశాం. కష్టం పడినవాళ్లకు ఎదుటివాళ్ల మీద జాలి పుడుతుందంటారు. నాకు జాలి పుట్టలేదు, జాగ్రత్త పుట్టింది. మళ్లీ మా ఇంట్లో అలాంటిది జరగనివ్వకూడదని ఆ షెడ్డులోనే గట్టిగా అనుకున్నాను.

ఇక సారు. పెనుకొండ బడిలో ఆయన రాకముందు ఆడపిల్లలకు డ్రిల్లు పీరియడ్ అంటే గోడ నీడన కూర్చుని ఒకరి తల్లో ఒకరు పేలు చూసుకోవడం. ఆయన వచ్చిన మొదటి వారమే మమ్మల్ని లేపి కొండ అడుగు దాకా పరిగెత్తించారు. తెల్ల గుడ్డ బూట్లు, వాటికి రోజూ సుద్దముక్క రుద్దేవారు. మెడలో ఈల. గొంతు పెద్దది కాదు, అందుకే ఈల వాడతానని చెప్పేవారు. అందరికన్నా వెనక ఆయాసపడుతూ వచ్చేది నేనే. నేను చేరేదాకా ఈల ఊదేవారు కాదు. "కడాకు వచ్చినోళ్లు గుడక పరిగెత్తినోళ్లే" అని అందరి ముందూ అనేవారు. "చెప్పిన మాట, ఊదిన ఈల ఎనక్కి రావు" అనేది ఆయన ఇంకో మాట. తప్పుడు ఈల ఊదితే తానే గ్రౌండు చుట్టూ ఒక రౌండు పరిగెత్తేవారు.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు వరసలో నిలబడి ఉండగా నా లంగాకు మరకైంది. మొదటిసారి. నాకేం తెలియలేదు, వెనక ఎవరో కిసుక్కుమంటే తెలిసింది. సారు నావైపు ఒక్కసారి చూశారు. ఈల ఊది, "అందరూ ఎనక్కి తిరగండి. కొండ మీద బురుజులు లెక్కపెట్టండి. నేను చెప్పేదాకా ఎవరూ తిరగొద్దు" అన్నారు. నూటయాభై మంది పిల్లలు కొండవైపు తిరిగి బురుజులు లెక్కపెడుతుంటే ఆయా వచ్చి నన్ను తీసుకుపోయింది. సారు కూడా కొండవైపే తిరిగి నిలబడ్డారు. ఆ రోజు ఇంట్లో మా అవ్వ నన్ను మూలన కూర్చోబెట్టి చాప, చెంబు వేరే పెట్టింది. మరుసటి వారం బడికి పోతే సారు ఏమీ ఎరగనట్టు టైము చూసే గడియారం నా చేతికిచ్చారు. "ఈ పొద్దు నుంచి నువ్వు టైం కీపరు" అన్నారు. నేను తల ఎత్తుకుని బడిలో తిరిగింది ఆ గడియారం వల్లే.

అలాంటి ఆయనకు నేనేం చేశానో చెప్పాలంటే మా ఇంటి ఇంటర్వ్యూ గురించి చెప్పాలి. మా ఆయన హిందూపురం పారిశ్రామికవాడలో పని చేస్తాడు, పొద్దున పోతే రాత్రికి వస్తాడు. పైపోర్షన్ అద్దెకివ్వడం నా శాఖ. గేటుకు బోర్డు కట్టినప్పటి నుంచి తాళంచెవి చేతిలో పెట్టేదాకా అంతా నాదే. ఎంతమంది, ఏ ఊరు, ఏం పని, నీళ్లెన్ని బిందెలు వాడతారు, చుట్టాలు ఎన్ని రోజులుంటారు, నీసు వండుతారా. కులం అడిగితే బాగుండదని "మీ ఇంటి దేవుడెవరు?" అని అడిగేదాన్ని. దేవుడి పేరు చెబితే మిగిలింది నేనే లెక్కగట్టుకునేదాన్ని. పోలీసులకివ్వను, లాయర్లకివ్వను, పెళ్లికాని మగపిల్లలకు అసలే ఇవ్వను. చెప్పులు ఎక్కడ విడిచారో, గేటు గొళ్లెం వేశారో లేదో కూడా చూసేదాన్ని. మా ఆయన "నువ్వు ఇంటికి ఓనరువు కావాల్సింది కాదు, చెక్‌పోస్టు కాడ ఉండాల్సింది" అని ఎగతాళి చేసేవాడు. వీధిలో వేరే ఓనర్లు కూడా మనుషుల్ని పంపి "నువ్వు చూసి చెప్పమ్మా" అనేవాళ్లు. నాకదో గొప్పగా ఉండేది.

అసలు ప్రశ్న మాత్రం ఆఖర్లో, ఏదో మాటల్లో వచ్చినట్టు అడిగేదాన్ని. పెద్దవాళ్లెవరన్నా ఉన్నారా, ఆరోగ్యం ఎలా ఉంటుంది అని. ముదిగుబ్బ నుంచి బదిలీ అయి వచ్చిన ఒకాయన, అన్నింటికీ చక్కగా జవాబు చెప్పి, "మా అవ్వ ఉంటాది మంచంలో, ఆయమ్మ వల్ల మీకేం ఇబ్బంది ఉండదు" అన్నాడు. "అయ్యో, నిన్ననే వేరేవాళ్లకు మాటిచ్చేసినామే" అన్నాను. ఆయన పోతూ పోతూ గేటుకున్న బోర్డు సరిగ్గా వేలాడటం లేదని దాన్ని సర్ది మరీ పోయాడు. అప్పుడు కూడా నాకు సిగ్గనిపించలేదు.

పోయినేడాది ఎండాకాలంలో, మధ్యాహ్నం పూట గేటు చప్పుడైంది. చూస్తే ఒక పెద్దాయన, చేతిలో గుడ్డ సంచి. బూట్లు చూసి గుర్తుపట్టాను, మొహం చూసి కాదు. మొహం బాగా ఉబ్బింది. "పాపా, నువ్వా? బోర్డు చూసి వస్తి. నీ ఇల్లని తెలీదే" అని నవ్వారు. కాఫీ పెడతానంటే "అర గ్లాసు చాలు, నీళ్లు శానా తాగకూడదు నేను" అన్నారు. పైకి తీసుకుపోయి ఇల్లు చూపించాను. గదిని అడుగులతో కొలుచుకుని, "బాగుండాది. నేనూ, నా ట్రంకు పెట్టె. ఇద్దరికీ సరిపోతాది" అన్నారు. సారుకు పిల్లల్లేరు, భార్య పోయి చాలాకాలమైంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పెనుకొండలో అద్దె గదుల్లోనే ఉన్నారు. నేను ఊరికే నిలబడి ఉంటే ఆయనే అందుకున్నారు.

"అడుగు పాపా. అందరినీ అడిగేటివి నన్నూ అడుగు. కొళాయి కాడ ఒకామె చెప్పింది, ఓనరమ్మ శానా ప్రశ్నలేస్తాది, చదువుకోని పో అని."

నాకూ నవ్వొచ్చింది. "నీళ్లెన్ని బిందెలు సార్?" అన్నాను.

"రెండు. ఒకటి తగ్గించినా సర్దుకుంటా."

"చుట్టాలు?"

"ధర్మవరంలో తమ్ముడొకడు. వాడు మగ్గం ఇడిసి యాడికీ రాడు."

"నీసు వండుతారా?"

"డాక్టరు ఉప్పే మానమన్నాడు. ఇంగ కోడి యాడిది?"

ఆయన కిటికీ గొళ్లెం తీసి, వేసి చూశారు. "ఇంగోటి అడగల్ల నువ్వు. అడగలేకుండావు. నేనే చెప్తా. కిడ్నీలు రెండూ పోయినాయి పాపా. వారానికి రెండు మార్లు ఈడ ఆసుపత్రిలో రక్తం కడుగుతారు. పెనుకొండ నుంచి తిరగలేకుండా ఉండా. అందుకే ఈడ ఇల్లు చూస్తాండా" అన్నారు. దాచిపెట్టి ఉంటే నేను మోసపోయానని చెప్పుకునేదాన్ని. ఆయన ఆ దారి కూడా నాకు లేకుండా చేశారు.

"మా ఆయన్నడిగి చెప్తా సార్" అన్నాను. ఒకప్పుడు జనం మాతో అన్న మాటే, అక్షరం మార్చకుండా. రాత్రి మా ఆయనకు చెబితే అన్నం కలుపుకుంటూ, "మీ సారే గదా, ఇయ్యి" అన్నాడు. అంతే. ఇంకేమీ అడగలేదు. కాబట్టి మరుసటి రోజు నేనన్న మాటలో ఇంకెవరికీ వాటా లేదు.

మరుసటి రోజు సారు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. నేను గడప లోపల నిలబడ్డాను. "సార్, ఏమనుకోవద్దు. మా అత్తప్పుడు మేము శానా అవస్థ పడితిమి. ఇల్లు మూసుకోని ఆర్నెల్లు... మీకు ఎప్పుడన్నా మరీ ఎక్కువైతే, ముందే మీ తమ్మునోళ్ల ఇంటికి..." అంతకుమించి నోరు రాలేదు. రానక్కర్లేదు, అర్థమైపోయింది. ఆయన బూటు మీద పడిన దుమ్ము వేలితో తుడుచుకున్నారు. "బెల్లు కొట్టకముందే గ్రౌండు ఖాళీ చేయల్ల. అంతే గదా పాపా? చేస్తాలే. మాటిస్తాండా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తాళంచెవి ఇస్తే రెండు చేతులతో అందుకున్నారు. నా కళ్లు తాళంచెవి మీదే ఉన్నాయి, పైకి ఎత్తలేదు.

అలా సారు మా మిద్దె పైకి వచ్చారు. తెల్లవారకముందే లేచి పై నుంచి కింది దాకా మెట్లన్నీ ఊడ్చేవారు. వద్దంటే "నా పీరియడ్ ఇది, నువ్వు లోపలికి పో" అనేవారు. మా వీధికి రెండు రోజులకోసారి నీళ్లొస్తాయి. మోటార్లు వేసి మరిచిపోయి ట్యాంకులు పొర్లిపోవడం మాకలవాటు. సారు మిద్దె మీద నిలబడి ఎవరి ట్యాంకు నిండితే వాళ్లవైపు తిరిగి ఈల వేసేవారు. నాలుగిళ్ల మోటార్లు ఆ ఈలకు ఆగేవి. అద్దెకొచ్చినాయన వీధికి మేస్త్రీ అయిపోయాడని మా ఆయన నవ్వేవాడు. ఆసుపత్రికి పోయే రోజుల్లో అన్నం, ఊరిబిండి పచ్చడి చిన్న డబ్బాలో సర్దుకుని, నాలుగు మెట్లకోసారి ఆగుతూ దిగేవారు. సాయంత్రం వస్తే మొహం తెల్లగా పాలిపోయి ఉండేది. ఐనా గేటు గొళ్లెం వేయకుండా ఎప్పుడూ పైకెక్కలేదు.

నేనేం చేసేదాన్నంటే, ఆయన దగ్గు వినేదాన్ని. పడుకుని పైకప్పు వైపు చూస్తూ, అడుగుల చప్పుడు వినబడేదాకా కాఫీ పెట్టుకునేదాన్ని కాదు. క్యాలెండర్లో ప్రతి నెలా ధనిష్ఠ నుంచి రేవతి దాకా అయిదు రోజులకు పెన్సిల్‌తో చుక్కలు పెట్టేదాన్ని. ఆ అయిదు రోజులూ పొద్దున్నే అర గ్లాసు కాఫీ పట్టుకుని పైకి పోయేదాన్ని. కాఫీ ఒక సాకు. మనిషి ఎలా ఉన్నాడో చూడటానికి పోయేదాన్ని. సారు ఎంతో సంతోషంగా తాగేవారు. ఒకరోజు గ్లాసు తిరిగిస్తూ, "ఈ పొద్దు రేవతి గదా పాపా. రేపటి నుంచి కాఫీ ఉండదేమో" అన్నారు. ఆయన పకపకా నవ్వి, "టైం కీపరు పని బాగానే చేస్తాండావు. నేర్పినోణ్ణి నేనే గదా" అన్నారు. కిందికొచ్చి ఆ పూట వంట చేయలేకపోయాను. మరుసటి రోజు మామూలు రోజే అయినా కాఫీ తీసుకుపోయాను. ఆ తర్వాత రోజూ తీసుకుపోయాను. తప్పు కప్పుకోవడానికి అరగ్లాసు కాఫీ సరిపోదని తెలిసే తీసుకుపోయాను.

ఆయన మాత్రం ఏ రోజూ నన్ను తప్పుగా చూడలేదు. నాకు మోకాళ్ల నొప్పులని మిద్దె మీద నడిపించేవారు. "మెట్లెక్కేది మానుకుంటే మెట్లే నిన్ను మర్సిపోతాయి" అనేవారు. పక్కింటి కోడలికి ఉద్యోగ పరీక్షలో పరుగు పందెం ఉందంటే తాను కుర్చీలో కూర్చుని ఆమెకు రెండు నెలలు పరుగు నేర్పించారు. ఆమె పాసైన రోజు మా మెట్లకు ముగ్గేసి పోయింది.

చివరి నెలలో ఒకసారి మెట్ల మీద తూలి పడ్డారు. నేను పరిగెత్తాను. లేపి కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. దెబ్బ ఎక్కడ తగిలింది సార్ అని అడగాల్సింది. "మీ తమ్మునికి ఫోను చేయమంటారా?" అని అడిగాను. ఆయన నన్ను కొంచెంసేపు చూసి, "ఇంగా టైముండాదిలే" అన్నారు. మోచెయ్యి గీసుకుపోయి నెత్తురు కారుతోంది. నాకది ఆయన పైకి పోయాక మెట్టు మీద మరక చూస్తే తెలిసింది.

ఆ తర్వాత పది రోజులకు, పొద్దున ఎనిమిది గంటలకు సారు గుడ్డ సంచితో కిందికి దిగారు. కాళ్లు వాచి బూట్లు పట్టక చెప్పులు వేసుకున్నారు. ఆయన చెప్పులు వేసుకోగా చూడటం నాకదే మొదలు. "ధర్మవరం పోయొస్తా పాపా. డాక్టరు ఇంగ రక్తం కడిగితే ఒళ్లు తట్టుకోదన్నాడు. తమ్ముణ్ణి చూసి శానా దినాలాయె" అని తాళంచెవి ఇచ్చారు. "తోడు ఎవరన్నా..." అన్నాను. "రైలు పెనుకొండ మీదే పోతాది గదా. కొండ చూసుకుంటా పోతా, నాకు తోడెందుకు" అన్నారు. ఉండిపోండి సార్ అనే మాట నా నోట్లోనే ఉంది. రెండు మాటలు. గేటు దాకా పోతుంటే అనొచ్చు, ఆటో ఎక్కుతుంటే అనొచ్చు. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి క్యాలెండర్ చూశాను. చుక్కలకు ఇంకా వారం ఉంది. నా గుండె కుదుటపడింది. ఈ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది.

ఎనిమిదో రోజు ఆ ఫోను వచ్చింది.

వెంటనే పోలేదు నేను. చావింటికి పోకుండా ఉండటానికి నాకొక సాకు కావాలంటే పది దొరుకుతాయి. పదకొండో దినం నాడు పోయాను, రైల్లో, ఒక్కదాన్నే. ఊరికే కూర్చోలేక పెనుకొండ వచ్చినప్పుడు కిటికీ వైపు జరిగి చూశాను. కొండ మీద బురుజులు లెక్కపెట్టబోయి ఆపేశాను. నాకు ఆ హక్కు లేదనిపించింది.

ధర్మవరంలో వాళ్ల వీధి పట్టుకోవడం కష్టం కాలేదు. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వస్తోంది, ఒక్క ఇంట్లోంచి తప్ప. ఆ ఇంటి వాకిలికి ముళ్లకంప అడ్డంగా పెట్టి ఉంది. వీధిలో షామియానా వేసి దినాలు చేస్తున్నారు. సారు ఫోటో బయట బల్ల మీద పెట్టారు. ఇంట్లోకి పోవడానికి లేదు కదా. తమ్ముడు అచ్చం సారులాగే ఉన్నాడు, వీపు మాత్రం మగ్గం మీద వంగి వంగి గూనిపోయింది. వాళ్లది ఒకే గది ఇల్లు. ఆ గదిలోనే గుంట మగ్గం, ఆ మగ్గం పక్కనే సారుకు చాప వేశారు, ఆ చాప మీదే పోయారు. ఇప్పుడు మగ్గం లోపల, మనుషులు బయట. రాత్రిళ్లు ఎదురింటి అరుగు మీద పడుకుంటున్నారు.

నేనెవరో చెప్పగానే తమ్ముడి భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వేనా అమ్మా ఆ పాపవి? బావ శానా చెప్పేవాడు. కన్నకూతురి మాదిరి చూసుకుంటాదని" అంది. నాకు చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది.

"ఆయన అట్లా వచ్చినప్పుడు మీరేమీ అడగలేదా?" అన్నాను.

"అడిగేదేముండాదమ్మా? తలుపు తట్టినాడు, తీసినాం" అంది ఆమె.

భోజనాలకు ఇంకా టైముంది. ఆమె పక్కవీధిలో ఒక ఇల్లు చూడటానికి పోతూ "నువ్వు గుడక రామ్మా, చదువుకున్నదానివి, మాట్లాడదువు" అంది. అంతకుముందు మా పైపోర్షన్‌కు రమ్మని నేను అననే అన్నాను. "మిద్దె మీద మగ్గం గుంట యాడ తవ్వేదమ్మా?" అని ఆమె మెల్లగా నవ్వింది. ఆర్నెల్లు మగ్గం లేకపోతే తినేదేముండదు, ఎవరైనా కింది గది, మట్టినేలది, ఇస్తే ఇంకో మగ్గం అడిగి తెచ్చి వేసుకుంటారు. ఆ ఇంటామె గడప లోపల నిలబడే మాట్లాడింది. ఎంతమంది, నీళ్లెన్ని, మీ ఇంటి దేవుడెవరు. వరస కూడా నాదే. తర్వాత అడిగింది, "సొంతిల్లు ఎందుకు మూసినారు?"

తమ్ముడి భార్య దాచకుండా చెప్పింది. ఆ ఇంటామె మొహం మారడం నేను చూశాను. ఆ మార్పు లోపలి నుంచి ఎలా ఉంటుందో నాకు తెలుసు, బయట నుంచి చూడటం మాత్రం అదే మొదటిసారి. "మా ఆయన్నడిగి చెప్తా" అందామె.

"ఇయ్యమ్మా. మంచోళ్లు. నేను గుడక ఇల్లు అద్దెకిచ్చే దాన్నే, హిందూపురంలో" అన్నాను.

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "అట్లయితే నువ్వు చెప్పు. నీ ఇంట్లో అయితే ఉండనిస్తావా?" అంది.

"నేను ఉండనియ్యలేదు" అన్నాను. "చచ్చేముందు ఖాళీ చేయమని ముందే మాట తీసుకున్నా. ఆయన మాట నిలబెట్టుకోని ఈళ్ల ఇంటికి వచ్చి పోయినాడు. నా ఇంటికి పడాల్సిన కంప ఈళ్ల ఇంటికి పడింది. అందుకే అడుగుతాండా."

ఇంటామె, అడిగి చెప్తానని మళ్లీ అని తలుపు దగ్గరికి వేసింది. తమ్ముడి భార్య అక్కడే నిలబడి అంతా విన్నది. తిరిగి వస్తూ దారి పొడుగునా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. బావ తమ్ముణ్ణి చూసుకోవాలని, ఆఖరి రోజులు తనవాళ్ల మధ్య గడపాలని వచ్చాడని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఆ ఒక్కటీ కూడా నేను ఆమెకు మిగల్చలేదు. చెప్పి మంచి చేశానో ఇంకో చెడు చేశానో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఇల్లు చేరాక ఆమె కంపకు తగలకుండా పక్కకు పోయి, బయట నుంచే కిటికీ రెక్క తోసింది. రోజూ ఒకసారి గాలాడనివ్వకపోతే పట్టు ముక్కిపోతుందట. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది. నా మొహం చూడలేదు. "రైలుకు టైమాయె. బువ్వ తిని పో" అంది. నేల మీద నాకొక విస్తరి వేసి, తనే వడ్డించింది.

తల ఎత్తకుండా తిన్నాను. ఒకసారి ఎత్తితే ఎదురుగా ఆ కిటికీ. లోపల చీకట్లో మగ్గం మీద ఎండ పడుతోంది. చీర సగం దాకా ఎర్రగా ఉంది. మిగతా సగం ఇంకా నేయని పోగులే.